జనార్దనరావు ప్లాన్

మా ఆయనకి "కాదు" అనే మాట రాదు. తెలుగులో రాదు, ఇంగ్లీషులో రాదు, ఇన్నేళ్లు జర్మనీలో ఉండి జర్మన్‌లో అసలే రాదు. వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం. అక్కడ మీటింగుల్లో జర్మన్లు ఒకరి మొహం మీద ఒకరు తప్పు, కుదరదు, పనికిరాదు అని చెప్పుకుని, ఆ వెంటనే కలిసి కాఫీ తాగడానికి పోతారు. ఈయన మాత్రం "చూద్దాం" అంటాడు. ఇంటికొచ్చి రాత్రంతా పక్క మీద దొర్లుతాడు. ఏంటండీ అంటే ఏం లేదంటాడు.

పేరు జనార్దనరావు. సికింద్రాబాద్ లాలాగూడలో పుట్టి పెరిగాడు. మా మామగారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అందుకని ఈ మనిషికి రెండు పిచ్చులు, రైళ్లూ ఫుట్‌బాలూ. పెళ్లైన కొత్తలో మూడో పిచ్చి నేనేనని మురిసిపోయాను. నాది బందరు. మా ఊళ్లో మగాళ్లకి నోరు ఎక్కువ. నోరు లేని మొగుడు దొరికాడు, అదృష్టం ఆండాళ్ళూ నీది అని మా పిన్నులంతా అన్నారు. ఆ అదృష్టం గురించే ఇప్పుడు చెబుతున్నాను.

మా ఈషా ఐదారేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, ఒక ఆదివారం దాన్ని ఆడించుకొస్తానని ఫుట్‌బాల్ గ్రౌండు వైపు తీసుకెళ్లాడు. అక్కడ మన తెలుగు పిల్లలు ఆడుకుంటున్నారు, గోల్‌కీపర్ లేడు. ఈయన పిల్లని గట్టు మీద కూర్చోబెట్టి గోల్‌లో నిలబడ్డాడు. సాయంత్రానికి మోకాళ్లు చెక్కుకుని, పిల్లకి జలుబు చేయించుకుని ఇంటికొచ్చాడు. ఆ తర్వాత ఆదివారాలు మాకు లేకుండా పోయాయి.

వాళ్లంతా మాస్టర్స్ చదవడానికొచ్చిన పిల్లలు. వోల్ఫ్స్‌బర్గ్‌లో కొందరు, క్లాస్టాల్‌లో కొందరు, వెర్నిగెరోడెలో కొందరు. ఏ ఒక్క ఊళ్లోనూ జట్టుకి సరిపడా మనుషులు లేరు. మా ఆయనే మూడు ఊళ్లనీ కలిపి, అక్కడి కొండల పేరు పెట్టి హార్జ్ జట్టు అన్నాడు. ఆట అయ్యాక అందరూ మా ఇంటికే. గుమ్మం ముందు బూట్ల గుట్ట, వంటింట్లో నా సాంబారు గుండిగ. కింది వాటాలో ఉండే ముసలావిడ బూట్ల గురించి మూడుసార్లు ఫిర్యాదు చేసి, నాలుగోసారి తనే గిన్నె పట్టుకుని సాంబారుకి వచ్చింది.

జర్మనీలో చదివే మన పిల్లలందరికీ కలిపి ఒక ఫుట్‌బాల్ లీగ్ ఉంది. దాన్ని మూడు కాన్ఫరెన్సులుగా విడగొట్టారు. ఉత్తరం, పడమర, దక్షిణం. దిక్కులు పేరుకే. మొదట్లో పెట్టినవాళ్లు ఎవరికెవరు స్నేహితులో చూసుకుని పంచుకున్నారు. వోల్ఫ్స్‌బర్గ్ ఉత్తరాన ఉందని మా ఈషా మూడో క్లాసులోనే మ్యాపులో చూపించింది. లీగు వాళ్లకి మాత్రం మేం దక్షిణం. మొదటి ఏడాది అక్కడ ఒక జట్టు తక్కువైందని మమ్మల్ని అటు తోశారు, అంతే, అక్కడే ఉండిపోయాం. దాంతో మా పిల్లలు మ్యాచ్‌కి స్టుట్‌గార్ట్ పోవాలి. స్టూడెంట్ టికెట్‌తో వేగంగా పోయే బండ్లు ఎక్కనివ్వరు, ఊరూరా ఆగే బండ్లే. తెల్లారకముందే బయల్దేరి, బండ్లు మారి మారి వెళ్లి, కాళ్లు తిమ్మిరెక్కి ఉండగానే ఆడేవాళ్లు. అలాగే గెలిచేవాళ్లు కూడా.

ఇంతా చేసి ఛాంపియన్ ఎవరో తేల్చేది గ్రౌండు కాదు. మూడు కాన్ఫరెన్సుల్లో పైన నిలిచిన జట్లలో ఏది గొప్పదో ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్‌లో ఒక కమిటీ కూర్చుని ఓట్లేసి చెప్పేది. కూచిపూడి పోటీలకి మార్కులు వేసినట్టు! అలా ఉండగా ఒక ఏడాది మా హార్జ్ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదు. కొలోన్ జట్టు ఒకటి ఓడింది. కమిటీ కప్పు కొలోన్‌కి ఇచ్చింది. ఎందుకయ్యా అంటే వాళ్లు బలమైన కాన్ఫరెన్సులో ఆడారట.

ఆ కబురు వచ్చిన రోజు పిల్లలంతా మా హాల్లోనే ఉన్నారు. కెప్టెన్ శశాంక్ నల్గొండ పిల్లాడు, సన్నగా వెదురుబద్దలా ఉంటాడు. ఫోను బోర్లా పెట్టి నా వైపు చూశాడు.

"ఓడిపోతే ఏడుస్తం ఆంటీ. ఓడిపోకుండ ఎట్ల ఏడ్వాలె?" అన్నాడు.

గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

మా ఆయన వెళ్లి రైల్వే మ్యాపు తెచ్చాడు. ఆ చలికాలం అంతా మా భోజనాల బల్ల మీద అది పరిచే ఉంది. మేం ముగ్గురం సోఫాలో కంచాలు ఒళ్లో పెట్టుకుని తిన్నాం. ఈషా రంగు పెన్సిళ్లన్నీ ఆయన దగ్గరే. ఏ ఊరి పిల్లలు ఏ బండి ఎక్కితే పొద్దున వెళ్లి రాత్రికి గదికి చేరతారో చూసి, ఆ రైలు దారుల్ని బట్టి జట్లన్నిటినీ నాలుగు గ్రూపులు చేశాడు. పాత స్నేహాలు, పాత పేర్లు అన్నీ కొట్టేశాడు. నాలుగు గ్రూపుల్లో గెలిచిన నాలుగు జట్లూ ఒకచోట చేరి సెమీఫైనల్ ఆడతాయి, గెలిచినవాళ్లు ఫైనల్ ఆడతారు. కమిటీ లేదు, ఓట్లు లేవు. ప్లేఆఫ్ అంటే అదీ.

శశాంక్ ఆ మ్యాపు మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"అంటే గెలిస్తే ముందుకు పోతం, ఓడితే ఇంటికి పోతం. అంతేనా సార్?"

"అంతే."

"నాకు ఇంకొక్క సీజనే ఉంది సార్. థీసిస్ అయితే ఏడ జాబ్ వస్తే ఆడికి పోవుడే. ఒక్క సెమీఫైనల్ ఆడాలె. ఓడినా పర్లే. కమిటీ చేతిల కాదు, గ్రౌండ్ల ఓడిపోవాలె."

"ఆడతావు," అన్నాడు మా ఆయన. చూద్దాం అనలేదు. ఆ మాట నేను నా చెవులతో విన్నాను.

ఇప్పుడు జితేంద్ర సంగతి చెప్పాలి. చెప్పాలంటే నాకు ఒళ్లు మండుతుంది, అయినా చెప్పాలి. ఎనిమిదేళ్ల కిందట ఆ పిల్లాడు రెండు సూట్‌కేసులతో ఈ దేశంలో దిగినప్పుడు ఎవరూ ఇల్లివ్వలేదు. ఇక్కడ ఫలానా ఇంట్లో ఉంటున్నానని మున్సిపాలిటీలో పేరు రాయించుకోవాలి, దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. అది లేకపోతే బ్యాంకు ఖాతా లేదు, జీతం లేదు, మనిషే లేనట్టు. మేం మా అడ్రసు ఇచ్చాం. మా పోస్టు డబ్బా మీద మా పేరు కింద వాడి పేరు అంటించాం. పెళ్లి కుదిరి, రత్నకుమారి వచ్చేదాకా మా హాల్లోనే పడుకున్నాడు. నేను పెట్టిన ముద్దపప్పు తిని, "వదినా, మా అమ్మ కూడా ఇలా చేయదు" అనేవాడు. తర్వాత ఎష్‌బోర్న్‌లో పెద్ద కన్సల్టెంట్ అయ్యాడు, ఇల్లు కొన్నాడు. పోస్టు డబ్బా మీద పేరు తీసేస్తానంటే, "ఉంచు వదినా, నా మొదటి ఇల్లు అదే" అన్నాడు. నేను కళ్లు తుడుచుకుని ఉంచాను.

ఆ జితేంద్రే లీగుకి ప్రెసిడెంటు. గ్రౌండులు కావాలంటే జర్మన్లకి రిజిస్టరు చేసిన సంఘం ఉండాలి, ఫెరైన్ అంటారు. అది పెట్టేటప్పుడు, "అన్నయ్యా, నువ్వు బోర్డులో ఉండాలి" అని ఫోన్ చేశాడు. మా ఆయన, "నాకెందుకులే, మీరు కానివ్వండి" అన్నాడు. మన వాళ్లలో మొదటిసారి నాకెందుకులే అంటే రెండోసారి అడగమని. విస్తట్లో చెయ్యి అడ్డం పెడితే ఇంకో గారె వెయ్యమన్నట్టు. ఇది బందరులో పుట్టిన పిల్లకీ తెలుసు, లాలాగూడలో పుట్టిన పిల్లాడికీ తెలుసు, గుడివాడలో పుట్టిన జితేంద్రకీ తెలుసు. కానీ జితేంద్ర రెండోసారి అడగలేదు. "సరే అన్నయ్యా, నీ ఆశీస్సులు చాలు" అని పెట్టేశాడు. బోర్డులో ఆయన కుర్చీలో వాడి బావమరిది కూర్చున్నాడు.

అందుకని ప్లాన్ తయారయ్యాక దాన్ని పాస్ చేయించడానికి జితేంద్రకే పంపాల్సి వచ్చింది. పంపిన గంటకి ఫోను.

"అన్నయ్యా! ఇది మామూలు ప్లాన్ కాదు. దీనికి నీ పేరే పెడదాం. జనార్దనరావు ప్లాన్!"

"పేరు సంగతి వదిలెయ్. పిల్లలు సెమీస్ ఆడాలి."

"మన హార్జ్ పిల్లలు ఆడకపోతే ఇంకెవరు ఆడతారు అన్నయ్యా? నువ్వు ఉగాదికి ఎష్‌బోర్న్ రా. ఆ రోజే ప్రకటిస్తాం. వదిన్నీ ఈషానీ తీసుకురా."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట. నేను ఆ ఉగాదికి పట్టుచీర ఇస్త్రీ చేసుకున్నాను. ఆయన లాల్చీకి బొత్తాం ఊడితే కుట్టాను.

ఎష్‌బోర్న్‌లో పెద్ద హాలు. పచ్చడి, పులిహోర, పిల్లల డాన్సులు, మైకు కీచుమనడం, అన్నీ మామూలే. శశాంక్ వాళ్లెవరూ రాలేకపోయారు. ఆ రోజు సగం మందికి పార్ట్‌టైమ్ పని, మిగతావాళ్లకి పరీక్షల చదువు. ఫోన్లో ఫొటోలు పెట్టండి ఆంటీ, చూస్తాం అన్నారు. కాసేపటికి జితేంద్ర వచ్చి, "అన్నయ్యా, ఒక్క నిమిషం" అని మా ఆయన్ని స్టేజి వెనక్కి తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక చూస్తే ఆయన మొహంలో రక్తం చుక్క లేదు.

"ఏంటండీ?" అన్నాను.

"ఏం లేదు. ఆకలి."

పాపం అనుకుని నా ప్లేటులోని పులిహోర ఇచ్చాను. తినలేదు. ఈలోగా మైకులో ఆయన పేరు పిలిచారు. అందరూ చప్పట్లు. స్టేజి మీద కుర్చీలో కూర్చోబెట్టి దండ వేశారు. జితేంద్ర పట్టు శాలువా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు, జరీ అంచు తళతళలాడుతోంది. మా ఆయన తల వంచాడు. శాలువా కప్పారు, జ్ఞాపిక చేతిలో పెట్టారు. "అన్నయ్యా, నవ్వాలి! ఇటు చూసి!" అన్నాడు ఫొటో తీసేవాడు. నవ్వాడు. నేను చప్పట్లు కొట్టి అరచేతులు ఎర్రగా చేసుకున్నాను.

ఆ తర్వాత జితేంద్ర మైకు తీసుకున్నాడు. పాత కాన్ఫరెన్సులు రద్దు, నాలుగు కొత్త గ్రూపులు, ప్లేఆఫ్ సెమీఫైనల్, ఫైనల్. ఒక్కో మాటకీ హాలు ఊగిపోయింది. చివర్న గొంతు తగ్గించి, కాగితం చూసి గబగబా చదివేశాడు. "అలాగే చిన్న ఊళ్ల జట్ల కోసం ప్రత్యేకంగా ఐదోది, అభివృద్ధి గ్రూపు. ప్రస్తుతానికి వీళ్లకి ప్లేఆఫ్ ఉండదు. వాళ్లలో వాళ్లు ఆడుకుంటారు, వేరే కప్పు ఉంటుంది. వోల్ఫ్స్‌బర్గ్, క్లాస్టాల్, వెర్నిగెరోడె, ఇలాంటివి." మళ్లీ చప్పట్లు. అప్పటికే ఊపులో ఉన్నారు, దేనికి కొడుతున్నారో ఎవరికి తెలుసు?

ఈషా నా చెయ్యి గిల్లింది. "మమ్మీ, దాస్ సింట్ డోక్ వియా!" అంది. అది మనమే కదా అని. పదమూడేళ్ల పిల్లకి అర్థమైంది.

నేను స్టేజి వైపు చూశాను. ఇప్పుడైనా నోరు విప్పుతాడు, మైకు లాక్కుంటాడు, ఇది నేను రాసింది కాదని అరుస్తాడు అని చూశాను. మైకు ఆయన చేతికే ఇచ్చారు. "అందరికీ ధన్యవాదాలు," అని దిగి వచ్చేశాడు.

తడిగుడ్డతో గొంతు కోస్తారని వినడమే. మా జితేంద్ర పట్టు శాలువాతో కోశాడు.

తిరుగు ప్రయాణంలో సగం దారి, కాసెల్ ఊరు దాకా నేను ఆగకుండా తిట్టాను. జితేంద్రని తిట్టాను, వాడి బావమరిదిని తిట్టాను, నేను వండిన ముద్దపప్పుని తిట్టాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే వెధవ అన్నాను. స్పాన్సర్లు పెద్ద ఊళ్ల జట్లయితేనే వస్తామన్నారట, జనం ఎక్కువ వస్తారట, ఒక్క ఏడాది ఓపిక పట్టమన్నాడట. రత్నకుమారి నా చెవిలో చెప్పిన ముక్కలు అవి. మా ఆయన రోడ్డు చూస్తూ నడుపుతున్నాడు.

"మీరు స్టేజి మీద ఉండగా చదివాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే నేనే చెప్పు తీసేదాన్ని. మిమ్మల్ని ఎంత మోసం చేశాడండీ!" అన్నాను.

"అయిపోయింది కదా ఆండాళ్," అన్నాడు.

మేం ఇల్లు చేరేలోపే ఫొటో ఊరూరా తిరిగింది. శాలువా, దండ, జ్ఞాపిక, నవ్వు. కింద, "ప్లేఆఫ్ రూపకర్త జనార్దనరావు గారి ఆశీస్సులతో కొత్త లీగ్" అని రాశారు. ఐదో గ్రూపు గురించి కూడా ఆ కిందే ఉంది.

తర్వాతి ఆదివారం ఆయన బంతుల సంచి భుజాన వేసుకుని గ్రౌండుకి వెళ్లాడు. తొందరగా తిరిగొచ్చాడు. "వర్షం," అన్నాడు. కిటికీలోంచి చూస్తే ఎండ కాస్తోంది. ఆ పై ఆదివారం కూడా వెళ్లాడు. ఆ రోజు ఏ వంకా చెప్పలేదు. నా సాంబారు అలాగే మిగిలిపోయింది, కింది ముసలావిడ, "పిల్లలకి ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

మరో వారానికి శశాంక్ ఒక్కడే వచ్చాడు. బూట్లు విప్పి, గుమ్మం పక్కన సరిగ్గా పెట్టి, లోపలికొచ్చి కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. గ్రౌండు దగ్గర సామాన్లు పెట్టే గది తాళంచెవి బల్ల మీద పెట్టాడు. నేను టీ ఇచ్చాను. కప్పు ముట్టుకోకుండా మా ఆయన్నే చూస్తున్నాడు.

"సార్, ఒక్కటి అడుగుత. మీకు ముందే ఎరుకనా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏంట్రా ఆ ప్రశ్న? మీ సార్‌ని ఏమనుకున్నావు? స్టేజి మీద కూర్చోబెట్టి నలుగురి ముందూ చదివేశాడురా ఆ జితేంద్ర. నేను ఎదురుగానే ఉన్నాను. మా ఇద్దరికీ అప్పుడే తెలిసింది. మీకంటే ఎక్కువ మోసపోయింది ఆయన!"

శశాంక్ నా వైపు తిరగలేదు. మా ఆయన తాళంచెవిని చూస్తున్నాడు.

"తెలుసు," అన్నాడు.

నేను విన్నది సరిగ్గా అర్థం కాలేదు. "ఏం తెలుసు?" అన్నాను.

"స్టేజి వెనకాల చూపించాడు. శాలువా కప్పక ముందు. ఇది నేను రాసింది కాదు కదా జితేంద్రా అన్నాను. ఒక్క ఏడాది అన్నయ్యా, ఇప్పుడు గొడవ చేస్తే పరువు పోతుంది, నీ పేరు మీదే కదా చేస్తున్నాం అన్నాడు. ఇంతలో పిలిచారు."

"పిలిస్తే?"

"హాలు నిండా జనం, ఆండాళ్. వాడు శాలువా పట్టుకుని నిలబడ్డాడు. తల వంచకుండా ఎట్ల ఉంటాను?"

కాసెల్ దాకా నేను తిట్టిన తిట్లన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. పక్కనే కూర్చుని విన్నాడు. ఒక్కసారైనా, ఆగు, నాకు ముందే తెలుసు అనలేదు. వేలు పట్టుకున్న మనిషే నన్ను పిచ్చిదాన్ని చేశాడే అనిపించింది. జితేంద్ర చేసినదానికి నాకు కోపం వచ్చింది. దీనికి ఏడుపొచ్చింది.

"ఫొటోల నవ్విన్రు సార్," అన్నాడు శశాంక్. గొంతు పెంచలేదు. "మేమందరం జూమ్ చేసి చూసినం. బలవంతంగ నవ్విన్రేమో, కండ్లల్ల ఏమన్న కనవడ్తదేమో అని. మంచిగనే నవ్విన్రు."

మా ఆయన తాళంచెవిని వేలితో ముట్టుకుని వదిలేశాడు.

"జితేంద్ర అన్న ఎవలో మాకు తెల్వదు సార్. ఆయన మోసం చేస్తే మాకేంది? మేం మిమ్మల్ని నమ్మినం." టీ కప్పు తీసుకుని, మొత్తం తాగి, కప్పు వంటింట్లో పెట్టి వచ్చాడు. మర్యాద తెలిసిన పిల్లాడు. "పోయొస్త ఆంటీ," అని నాకు మాత్రమే చెప్పి వెళ్లిపోయాడు.

మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత మా బందరులో ఒకటి ఉంది. ఆడదాన్ని, పూర్తిగా రాయను. ఆ రోజు మాత్రం ఆయన మొహం మీదే పూర్తిగా చెప్పాను. తర్వాత నేనూ ఆయనా మాట్లాడుకోలేదు. ఉప్పు, పెరుగు, తలుపు వేశావా, అంతవరకే.

ఒక శనివారం పొద్దున్నే, "ఆ శాలువా ఎక్కడ పెట్టావు?" అని అడిగాడు. బీరువాలో అడుక్కి తోసినదాన్ని తీసి మంచం మీదికి విసిరాను. సంచిలో పెట్టుకున్నాడు. కారు తాళాలు ముట్టుకోలేదు. పిల్లలు ఎక్కే ఆ ఊరూరా ఆగే బండ్లలోనే ఎష్‌బోర్న్ బయల్దేరాడు.

సాయంత్రం రత్నకుమారి నుంచి ఫోను. ఏడుస్తోంది.

"వదినా, అన్నయ్యగారు వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు, లోపలికి రమ్మంటే రాలేదు. మంచినీళ్లు తెచ్చిస్తే ముట్టుకోలేదు వదినా! శాలువా తీసి మా ఆయన భుజాల మీద కప్పి, 'కాదు జితేంద్రా' అని వెళ్లిపోయారు. ఇంకొక్క మాట లేదు. ఇంటి మనిషి మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్తే మాకు ఎట్లా ఉంటుంది? మేమేం పాపం చేశాం?"

"మీ ఆయన్ని అడుగు," అని పెట్టేశాను.

మంచినీళ్లు ముట్టుకోలేదట! చచ్చినవాళ్ల ఇంటికి వెళ్లినా గ్లాసు వద్దనలేని మనిషి. కన్నీళ్లు ఆగలేదు. కిందికి వెళ్లి కూరగాయల కత్తితో పోస్టు డబ్బా మీద జితేంద్ర పేరు గీకేశాను. ఎండకీ వానకీ గట్టిపడిపోయి, ఒక పట్టాన ఊడలేదు.

ఆయన ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. వేడిగా అన్నం పెట్టి, "శశాంక్‌కి ఫోన్ చెయ్యండి. ఇప్పుడే చెప్పండి," అన్నాను.

"వద్దు. నువ్వూ చెప్పకు."

"ఎందుకండీ?"

"వాడికి ఈ మాట కావాల్సింది ఆ రోజు. ఇప్పుడు చెబితే ఇదీ ఇంకో ఫొటోనే." కలుపుకున్న ముద్ద కంచంలోనే పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు.

నేను చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందేమో, ఇప్పటికీ తెలియదు.

శాలువా తిరిగిచ్చినంత మాత్రాన ఏమీ మారలేదు. ఆ ఎండాకాలం ప్లేఆఫ్ జరిగింది. కొలోన్ గెలిచింది. సెమీఫైనల్ పెనాల్టీల దాకా వెళ్లిందట, అంత మంచి ఆట ఎప్పుడూ చూడలేదని అందరూ చెప్పుకున్నారు. కప్పు ఇచ్చేటప్పుడు మైకులో "జనార్దనరావు ప్లాన్" అన్నారట కూడా. శశాంక్ థీసిస్ ముగించి మ్యూనిక్‌లో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు నాకు మెసేజ్ పెట్టాడు, "ఆంటీ, పోతున్న. సాంబార్ యాదికొస్తది" అని. సార్‌ని అడిగానని చెప్పమని రాస్తాడేమోనని కిందికి జరిపి చూశాను. అంతే ఉంది.

అక్టోబరులో కొత్త బ్యాచ్ దిగింది. గ్రౌండు దగ్గర మళ్లీ పిల్లలు కనిపిస్తున్నారని ఈషా చెప్పింది. ఆదివారం ఆయన సంచి తీసుకుంటే, ఇన్నేళ్లలో మొదటిసారి నేనూ ఫ్లాస్కు పట్టుకుని వెంట వెళ్లాను. వాళ్లలో నవ్యశ్రీ అని గోల్‌కీపర్ పిల్ల, కరీంనగర్. అందరికీ ఆ పిల్లే పెద్దరికం చేస్తోంది.

మా ఆయన సంచి కింద పెట్టాడు. బంతులు తియ్యలేదు.

"ఆడేముందు ఒక మాట. మనం ఎన్ని గెలిచినా మనకి ప్లేఆఫ్ లేదు. సెమీఫైనల్ లేదు. అవుతుందేమో చూద్దాం అని నేను చెప్పను, అవదు. ఆ ప్లాన్ గీసింది నేనే. మీ ఊళ్లని తీసేస్తున్నారని నాకు ముందే తెలుసు. నోరు మూసుకున్నాను." చేతులు లాగు జేబుల్లో పెట్టుకున్నాడు. ఒక్క "చూద్దాం" కూడా లేకుండా ఆయన ఇంతసేపు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నాకు గర్వంగా ఉంది, ఉగాది నాడు ఈ నోరు ఏమైందని పళ్లు కొరకాలనీ ఉంది.

పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. నవ్యశ్రీ చేతికి గ్లౌజు తొడుక్కుంటూ అంది.

"తెలుసు సార్. శశాంకన్న చెప్పిండు."

"ఏం చెప్పాడు?" అన్నాను నేను, ఆగలేక.

ఆ పిల్ల చెప్పాలా వద్దా అన్నట్టు నా వైపు చూసింది.

"సార్ మంచోడు, ఆట మంచిగ నేర్పిస్తడు, ఆంటీ సాంబార్ మంచిగుంటది, పొండ్రి అన్నడు. కానీ మీ తరఫున మాట్లాడనీకి మాత్రం ఆయన్ని ఎక్కడికీ పంపకుండ్రి అన్నడు."

మా ఆయన తలూపాడు. వంగి సంచి మూతి విప్పి, ఒక్కో బంతినీ గడ్డి మీదికి దొర్లించాడు.